దెబ్బకూ దెబ్బకూ నడుమ

హుసేనప్పకు చావంటే భయం లేదు. నామం లేకుండా చావడమంటేనే భయం. గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ భయం అతనితోనే పడుకుంటోంది, అతనితోనే లేస్తోంది.

అతనిది ఆదోని. దూదేకులవాడు. పరుపులు, దిండ్లు కుట్టడం తాతల నాటి పని. ఊరంతా మిషన్లో దూది ఆడించుకుంటున్నా హుసేనప్ప మాత్రం దూది ఏకే విల్లు వదల్లేదు. చూరుకు వేలాడే ఆ పెద్ద విల్లు నారి మీద చెక్కతో కొడితే అది మోగుతుంది, దూది పొగలా పైకి లేస్తుంది. మీసాలు రాని వయసులోనే సిలారు తాత అతనికి ఆ విల్లు మీద సాధన చెప్పాడు. సిలారు తాత అంటే ఊరి బయట చిన్న దర్గా పక్కన, రేకుల కొట్టంలో ఉండే ఫకీరు. హుసేనప్పకు గురువు.

"నారి మీద ఒక దెబ్బ, లోపల అల్లా నామం ఒకటి. అది కుదిరినాక విల్లు పక్కన పెట్టు. గుండె కొట్టుకుంటాది గదా, నామాన్ని దాని మీద పెట్టు" అన్నాడు తాత.

హుసేనప్ప అట్లాగే చేశాడు. ఏళ్ల తరబడి చేశాడు. పరుపు కుడుతున్నా, సంతలో బేరమాడుతున్నా, లోపల గుండె కొట్టిన ప్రతిసారీ ఒక నామం పడుతూనే ఉండేది. గురువారం సాయంత్రం కొట్టంలో శిష్యులంతా కళ్లు మూసుకుని కూర్చుంటే సగంమంది కునికిపాట్లు పడేవాళ్లు. ఇతను కదిలేవాడు కాదు. లేచేటప్పుడు మాత్రం తాత దగ్గరికి పోయి, "ఒక్కటి కూడా తప్పలేదు తాతా" అని చెప్పుకునేవాడు. దూది ఏకుకునేవాడికి గర్వమేమిటి అంటారేమో. గర్వం రావడానికి మనిషి అయితే చాలు, వేరే అర్హత అక్కర్లేదు. తాత ఆ మాట విన్నప్పుడల్లా, "మంచిది నాయనా, చాయ్ తాగిపో" అనేవాడు. అంతకు మించి ఎన్నడూ ఏమీ అనలేదు.

నిరుడు ఎండాకాలం విల్లు కొడుతూ కొడుతూనే హుసేనప్ప దూది కుప్ప మీద పడిపోయాడు. కర్నూలుకు తీసుకుపోతే గుండె నాళాలు మూసుకుపోయాయన్నారు, బైపాస్ చేశారు. రొమ్ము ఎముక కోసి, కాల్లోంచి నరం తీసి గుండెకు అతికి, ఎముకను మళ్లీ తీగతో కట్టి కుట్లు వేశారు. "నేను పరుపు కుట్టినట్టే కుట్టినారు మే" అని భార్య మాబున్నితో నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆసుపత్రిలో ఉండగానే గుండె లయ తప్పింది.

"ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇట్లా అవుతుంది పెద్దాయనా" అంది డాక్టరమ్మ. "ఎక్కువమందికి అదే సర్దుకుంటుంది. నీకు ఇంకా సర్దుకోలేదు. సర్దుకోనివాళ్లకు ముందు ముందు ప్రమాదం ఎక్కువ, ఆయుష్షు కూడా తగ్గొచ్చు. నీ దగ్గర దాచి లాభం లేదు. అందుకే చెబుతున్నా, మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు."

ఆయుష్షు మాట విని పక్కనున్న మాబున్ని కొంగు నోట్లో కుక్కుకుంది. హుసేనప్ప మాత్రం ఆ మాట పట్టించుకోలేదు. అతను లోపలికి వింటున్నాడు.

గుండె గబగబా కొట్టేది. నామాలు ఒకదాని మీద ఒకటి పడి చెదిరిపోయేవి. ఆ తర్వాత కాసేపు దెబ్బే పడేది కాదు. ఆ ఖాళీలో హుసేనప్ప ఊపిరి బిగబట్టి, చివరి బస్సు కోసం చూసే మనిషిలా కాచుకునేవాడు. మళ్లీ ఒక దెబ్బ పడేది. మళ్లీ ఖాళీ. బతుకంతా కూడబెట్టుకున్నది కళ్ల ముందే చెదిరిపోతుంటే అతనికి ఏడుపొచ్చింది. గోడవైపు తిరిగి ఏడ్చాడు కూడా.

ఇంటికి వచ్చాక ఇంకో సంగతి కనిపెట్టాడు. గుండె పరుగు తగ్గించే మాత్ర ఒకటుంది. అది వేసుకున్నాక దెబ్బలు నిదానిస్తాయి, ఆ ఖాళీలు మరింత పెద్దవవుతాయి. నా నామాన్ని మింగుతున్నది ఈ మాత్రే అనుకున్నాడు. చావు ఎట్లాగూ ఆ ఖాళీలోనే వస్తుంది. వచ్చినప్పుడు లోపల నామం ఉండదు. ఇన్నేళ్లు పిలిచి పిలిచి, తీరా ఆ గడియకు మూగవాడిలా పోవాలా?

అంతే, ఆ ఒక్క మాత్రను మానేశాడు. మిగతావన్నీ మాబున్ని ఎదురుగానే మింగేవాడు, దాన్ని మాత్రం వేళ్ల సందున దాచేవాడు. ఆమె అటు తిరగ్గానే దిండు కుట్టు విప్పి, దూదిలోకి దూర్చి మళ్లీ కుట్టేసేవాడు. కుట్టు విప్పడం, వెయ్యడం అతనికి ఒక పనా?

ఒకరోజు మాబున్ని ఆ దిండును ఎండలో వేసి తట్టింది. చేతికి గట్టిగా ఏదో తగిలింది. పత్తి గింజేమో అనుకుంది. తన మొగుడు ఏకిన దూదిలో గింజా! పెళ్లయిననాటి నుంచి చూడని వింత. కుట్టు విప్పి చూసింది. చూసి, అరవలేదు, తిట్టలేదు. దిండు చంకన పెట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి, నేరుగా తాత కొట్టానికి తీసుకుపోయింది.

తాత మంచం మీద ఒరిగి ఉన్నాడు. మాబున్ని మాత్రలన్నీ ఆయన ముందు పోసి, "చూడు తాతా, నీ శిష్యుడు నన్ను ముండమోపిని చేయడానికి చూస్తాండాడు" అని బావురుమంది.

తాత ఒక మాత్ర తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "ఏం హుసేనప్పా, నీ దూదిలో గింజలు పడినాయే" అన్నాడు.

హుసేనప్ప నేల మీద కూలబడి అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ పసివాడిలా ఏడ్చాడు. "బతకాలని లేదు తాతా. ఖాళీలో పోకుండా ఉంటే చాలు."

తాత చేతిలోని మాత్రను పక్కన పెట్టాడు. తర్వాత కుడిచెయ్యి చాచాడు.

"నీ గుండె పనికి రాకుండా పోయిందంటాండావు గదా. నాది పట్టుకో. దీని మీద చెప్పు నామం."

గురువు గుండె! హుసేనప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఆ ముసలి మణికట్టు మీద భక్తిగా వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒక దెబ్బ, ఒక నామం. ఇంకో దెబ్బ, ఇంకో నామం. తర్వాతది రాలేదు.

వేళ్లు సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నాడు. కొంచెం జరిపాడు. దెబ్బలు గబగబా వచ్చి పడ్డాయి, మళ్లీ ఏమీ లేదు. "ఆ చెయ్యి ఇయ్యి తాతా" అన్నాడు. తాత ఎడమచెయ్యి ఇచ్చాడు. అక్కడా అంతే.

హుసేనప్ప కళ్లు తెరిచాడు. ఖాళీ వచ్చినప్పుడు తాత ముఖం చూశాడు, దెబ్బ పడ్డప్పుడు చూశాడు. ఆ ముఖంలో ఏ తేడా లేదు.

"తాతా... నీకు కూడానా?"

"కోత కోసినప్పటి నుంచి ఇంతే."

తాతకు బైపాస్ అయిన సంగతి శిష్యులందరికీ తెలుసు. చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు రక్తమిచ్చింది కూడా హుసేనప్పే. ఆ తర్వాత గడిచిన గురువారాలన్నీ అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా తప్పలేదని ఇన్నేళ్లూ ఎవరి ముందు చెప్పుకున్నాడో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"మరి ఆ ఖాళీలో ఏం చేస్తావు తాతా?" అని నేలను చూస్తూనే అడిగాడు.

"వింటా."

"ఏం వింటావు?"

"చిన్నప్పటి నుంచి పిలుస్తానే ఉండావు గదప్పా" అన్నాడు తాత మెల్లగా. "నువ్వే పిలుస్తా ఉంటే, ఆయన ఎప్పుడు పలకల్ల?"

మాబున్ని ఏడుపు ఆపింది. తాత తలగడ కింద తడిమి ఒక చిన్న రేకు డబ్బా తీశాడు. అందులోనూ అవే మాత్రలు. "రెండు గ్లాసుల నీళ్లు తే తల్లీ" అన్నాడు. తాను ఒకటి వేసుకుని, ఒకటి శిష్యుడి చేతిలో పెట్టాడు. ఇద్దరూ మింగారు.

"ఆ దిండు మళ్లీ కుట్టియ్యి" అన్నాడు తాత. "నాకు కావల్ల."

ఆ తర్వాత హుసేనప్ప ఏ మాత్రా మానలేదు. పొద్దు వాలేసరికి కొట్టానికి పోయేవాడు, తాత చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. ఖాళీ వచ్చినప్పుడు పిలవకుండా ఉండటం అంత సులువేమీ కాలేదు. పెదవులు వాటంతటవే కదిలేవి. తాత చూసి నవ్వేవాడు. పోను పోను పెదవులు కూడా నిలిచాయి. అతని గుండె ఇంకా అట్లాగే తప్పుతూ ఉన్నా, మనిషి తేరుకున్నాడని డాక్టరమ్మ సంతోషించింది.

తేరుకోనిది తాతే. చలికాలం వచ్చేసరికి కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఆసుపత్రిలో చేయగలిగింది చేశారు, ఇక చాలు, కొట్టానికి పోదామని ఆయనే అన్నాడు. మంచం మీద హుసేనప్ప కుట్టిన దిండుకు ఆనించి కూర్చోబెట్టారు. చివరి రోజు సాయంత్రం నమాజు అయ్యాక శిష్యులంతా చేరారు. ఒకరు తాత చెవి దగ్గర, అల్లా ఒక్కడేనని సాక్ష్యం చెప్పే కలిమా చదువుతున్నారు. మాబున్ని పెదవులకు నీళ్లు అద్దుతోంది. హుసేనప్ప ఎప్పటిలాగే మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.

దెబ్బలు పలచబడ్డాయి. ఖాళీలు పెద్దవయ్యాయి. ఒక దెబ్బ పడింది. హుసేనప్ప కాచుకున్నాడు. కలిమా చదివే గొంతు ఆగిపోయింది. అయినా అతను వేళ్లు తియ్యలేదు. కన్నతండ్రి పోయినప్పుడు కూడా రానంత దుఃఖం ముంచుకొచ్చింది, కన్నీళ్లు గడ్డం మీదుగా తాత చేతి మీద పడుతున్నాయి.

వెనక ఎవరో భోరుమన్నారు. దాంతో కొట్టమంతా ఒక్కసారిగా గొల్లుమంది.

హుసేనప్ప రెండో చెయ్యి పైకెత్తాడు.

"గట్టిగా ఏడవొద్దప్పా" అన్నాడు. "తాత వింటాండాడు."