నవ్వొద్దన్న భద్రమ్మ

అనగనగా ఒక కొండ అడవిలో, వెదురు దట్టంగా పెరిగే చోట, ఒక ఏనుగుల మంద ఉండేది. ఆ మందకు పెద్దదిక్కు భద్రమ్మ. ఏ కాలంలో ఏ వాగు పారుతుందో, ఏ దారిలో గోతులుంటాయో ఆవిడకు బాగా తెలుసు. ఆవిడ మాట ఎవరూ దాటేవారు కాదు.

ఒక ఎండాకాలం అడవి అంటుకుంది. వెదురు ఫెళఫెళమని పేలుతూ కాలిపోయింది. మందలో సగం మంటల్లోనే ఉండిపోయింది. భద్రమ్మ కూతురు కూడా పోయింది. ఆ కూతురి బిడ్డ ఉసిరి మాత్రం అమ్మమ్మ కాళ్ళ మధ్య దూరి బతికింది. ఉసిరి ఇంకా చిన్న గున్న ఏనుగు.

"కొండల అవతల పెద్ద ఏరుంది. అక్కడికి చేరితే బతుకుతాం. పదండి" అంది భద్రమ్మ.

అందరూ నడిచారు. పైన ఎండ, కింద మాడిన నేల. గున్నలు వెక్కుతూ నడుస్తున్నాయి. భద్రమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే తానూ కూలబడి ఏడుస్తానని ఆవిడ భయం.

భద్రమ్మ చెల్లెలు చుక్కమ్మ అందరికంటే వెనక నడుస్తోంది. ఆవిడా మంటల్లో ఒక బిడ్డను పోగొట్టుకుంది. కొంతదూరం పోయాక ఆవిడ గున్నలతో, "పిల్లలూ, ముందు నడిచేవాళ్ళ నీడ మీదే అడుగు వెయ్యాలి. నీడ తప్పితే ఓడిపోయినట్టే. ఏదీ, చూద్దాం!" అంది.

గున్నలు వెక్కడం మానేశాయి. నీడల మీద గబగబా అడుగులు వేశాయి.

భద్రమ్మ తల తిప్పి, "ఏమిటా గెంతులు? ఉన్న ఓపికంతా పోతుంది. ఆపండి!" అంది. గున్నలు ఆపేశాయి.

ఇంకొంత దూరం పోయాక చుక్కమ్మ తొండంతో దుమ్ము ఊదింది. "అదుగో, అందులో ఎవరు కనిపిస్తున్నారు?" అని అడిగింది.

"ఎలుగుబంటి!" అంది ఒక గున్న.

"కాదు, కోపమొచ్చిన మా అమ్మమ్మ!" అంది ఉసిరి. అందరూ పకపకా నవ్వారు.

భద్రమ్మకు ఒళ్ళు మండింది. "చచ్చిపోయినవాళ్ళు ఇంకా చల్లారనైనా లేదు. అప్పుడే నవ్వులా? సిగ్గులేదా చుక్కమ్మా?" అంది.

చుక్కమ్మ మెల్లగా, "నవ్వొచ్చి ఆడించడం లేదక్కా. పిల్లలు నడవాలని ఆడిస్తున్నాను. నేనూ నడవాలి కదా" అంది.

"నడవడానికి కాళ్ళు చాలు" అంది భద్రమ్మ.

రాళ్ళ గుట్ట ఎక్కేటప్పుడు ఉసిరి తనంతట తానే, "అందరికంటే పెద్దగా ఎవరు మూలుగుతారో వాళ్ళే గెలిచినట్టు!" అని పొట్ట ఊపుతూ హూమ్మ్ అని మూలిగింది.

ఈసారి భద్రమ్మ గిర్రున తిరిగింది. "ఇంకొక్కసారి నోరు విప్పావంటే నిన్నిక్కడే వదిలేసి పోతాను! మీ అమ్మ పోయిన బాధ నీకు లేనే లేదా?" అని అరిచింది.

ఉసిరి నోరు మూసుకుంది. తల వంచుకుని నడిచింది. గెంతలేదు, మాట్లాడలేదు. భద్రమ్మ చెల్లెలితో, "చూశావా? ఇప్పుడెంత బుద్ధిగా వస్తోందో" అంది.

ఎండ ముదిరింది. ఉసిరి ఆగింది.

"అమ్మమ్మా, ఇంకా ఎంత దూరం?"

అంతవరకూ ఆ మాట ఉసిరి అడగనే లేదు. భద్రమ్మకు అబద్ధం చెప్పడం రాదు. కానీ మాడిన నేల మీద దారి గుర్తులేవీ ఆనక, ఇంకా సగం దారే వచ్చామనుకుంది. "చాలా దూరం" అంది.

"అయితే నేనిక్కడే ఉంటాను" అని ఉసిరి కూర్చుంది. కాసేపటికి పక్కకు ఒరిగింది. భద్రమ్మ తొండంతో లేపింది. బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. ఉసిరి కళ్ళు తెరవలేదు. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియలేదు.

అది చూసి మిగతా గున్నలు కూడా అక్కడే కూలబడ్డాయి.

భద్రమ్మ చుక్కమ్మ వైపు తిరిగింది. "చెల్లీ, ఏదైనా ఆట చెప్పవే. తొందరగా!" అంది.

చుక్కమ్మ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "నాకిప్పుడు ఏదీ తోచడం లేదక్కా" అంది.

భద్రమ్మ చుట్టూ చూసింది. ఒక ఎండుకొమ్మ కనిపించింది. దాన్ని తీసి తల మీద పెట్టుకుంది. "నేను... నేను దుప్పిని" అంది. ఎలాగో ఒక అరుపు అరిచింది.

ఒక బుల్లి గున్న తలెత్తి, "దుప్పి అలా అరవదు అమ్మమ్మా" అంది.

"మరెలా అరుస్తుంది?"

గున్న అరిచి చూపించింది. భద్రమ్మ మళ్ళీ తప్పుగా అరిచింది. "నాకు రావడం లేదురా. నడుస్తూ నేర్పించవూ?" అంది.

గున్న లేచింది. దాని వెనక ఇంకొకటి లేచింది. ఒకటి దుప్పిలా, ఒకటి నెమలిలా అరుస్తూ భద్రమ్మకు నేర్పుతూ నడిచాయి. భద్రమ్మ ఏడుస్తూనే అరిచింది. తప్పుగా అరిచిన ప్రతిసారీ గున్నలు నవ్వాయి. ఆవిడ వాటిని నవ్వనిచ్చింది.

ఆ గుట్ట దిగి మరో మలుపు తిరగ్గానే ఏరు కనిపించింది. తళతళలాడుతూ పారుతోంది. ఉసిరి పడిపోయిన చోటికి అది ఏమంత దూరం కాదు.

గున్నలు ఏట్లోకి పరుగెత్తాయి. భద్రమ్మ ఒడ్డునే నిలబడింది. "నన్ను తిట్టు చుక్కమ్మా" అంది.

"తిడితే బిడ్డ లేచి వస్తుందా అక్కా? నీళ్ళు తాగు" అంది చుక్కమ్మ. కానీ అక్క పక్కన నిలబడలేదు. పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

భద్రమ్మ తొండం నీళ్ళలో ముంచింది. అప్పుడు బుల్లి గున్న తడిసిన ఒంటితో ఆవిడ దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, ఉసిరి లేచి వస్తుందా? దానికీ నీళ్ళు ఉంచుదామా?" అని అడిగింది.

భద్రమ్మ తొండంలోని నీళ్ళు తాగలేదు. తిరిగి ఏట్లోనే వదిలేసింది.

నీతి: కష్టంలో ఉన్నవాళ్ళు చిన్న ఆట ఆడుకుంటుంటే వాళ్ళకు బాధ లేదనుకోకూడదు. ఆ ఆటే వాళ్ళను నడిపిస్తూ ఉండవచ్చు. చేతనైతే కలిసి ఆడాలి, లేకపోతే ఊరుకోవాలి; దాన్ని మాత్రం లాక్కోకూడదు.