తాడు లాగే చెయ్యి

నసీమాతో కలిసి పనిచెయ్యడం ఇక తన వల్ల కాదని చెప్పేయడానికే కామేశం ఆ ఉదయం గురువుగారి దగ్గరికి వచ్చాడు.

వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేసే అప్పలాచారి గారికి ఇద్దరూ శిష్యులే. కామేశం మోటార్లూ సెన్సార్లూ తెలిసినవాడు. నసీమాది కర్రపని, ఏ చేతికి ఏ పిడి కుదురుతుందో చెక్కి చూపిస్తుంది. చేతులు వణికేవాళ్ళ కోసం ఇద్దరూ కలిసి ఒక చెంచా చేస్తున్నారు. చెయ్యి వణికినప్పుడు పిడిలోని మోటారు దానికి ఎదురు కదిలి చెంచాని నిలకడగా ఉంచాలి. దాంతో మొదట తినవలసింది గురువుగారి అక్క సన్యాసమ్మ. చేతి వణుకుకి సిగ్గుపడి ఆవిడ రెండేళ్ళుగా నలుగురిలో కూర్చుని అన్నం తినలేదు.

చెంచా మాత్రం మొండికేసింది, నోటికి ఎత్తబోయినా ఎదురు లాగుతోంది. పిడి లావని కామేశం, మోటారు మొరటుదని నసీమా. పది రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

"నా మోటారులో లోపం లేదు గురువుగారూ. క్షణం కూడా ఆగదు. పిడి చెక్కడానికి ఇంకొకర్ని చూడండి," అన్నాడు కామేశం.

ఆచారి గారు లేచారు. కర్రని తిప్పుతూ చెక్కే పాత తరిమెనని మూలనుంచి ముందుకు లాగి, దానికి అంకుడు కర్ర బిగించారు. కర్రకి చుట్టిన తాడు రెండు కొసలూ కామేశం చేతికిచ్చి, తాను ఉలి పట్టుకున్నారు.

"లాగరా."

కామేశం లాగాడు. అటూ ఇటూ ఒకే ఊపున లాగాడు. తన మోటారుకి తీసిపోకూడదని పంతం మరి. కర్ర ఇటు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. అటు తిరిగేటప్పుడు ఉలి ఎత్తుకోవాలి. ఆ ఎత్తుకునే సందు కూడా ఇవ్వలేదు ఈ మహానుభావుడు. టప్పుమని కర్ర పెచ్చు లేచిపోయింది.

ఇంకో కర్ర బిగించారు ఆచారి గారు. అదీ పోయింది. మూడోది బిగించారు. కోపం లేదు. కామేశానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఈసారి తాడు వంక చూడటం మానేసి గురువుగారి మణికట్టు చూశాడు. అది లేచినప్పుడు కాస్త ఆగాడు. దిగినప్పుడు లాగాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది.

తాడు వదిలేసి లేచాడు. షెడ్డు అవతల నసీమా ఒక్కతే కూర్చుని పిడి నునుపు చేస్తోంది.

"సన్యాసమ్మ గారి చెయ్యి ఎప్పుడు వణుకుతుంది, ఎప్పుడు తను కావాలని కదుపుతుంది? నీకు తెలుసు. నేను ఆవిడ చెయ్యి ఒక్కసారీ పట్టుకుని చూడలేదు," అన్నాడు కామేశం.

నసీమా అతన్ని నమ్మీ నమ్మనట్టు చూసింది. పిడి పక్కన పెట్టింది.

"పద, ఆవిడనే అడుగుదాం."

ఆదివారం మధ్యాహ్నం సన్యాసమ్మ అందరి మధ్యా కూర్చుని చారన్నం చెంచాలోకి తీసుకుంది. చెయ్యి వణికింది; చెంచా వణకలేదు. నోటి దగ్గరికి ఎత్తేటప్పుడు మోటారు అడ్డం రాకుండా ఊరుకుంది. ఒక్క మెతుకు రాలలేదు.

"ఎవులు చేసినార్రా ఇది?" అంది సన్యాసమ్మ. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

కామేశం నసీమాని చూపించాడు. నసీమా అప్పటికే కామేశాన్ని చూపిస్తోంది.

ఆచారి గారు నవ్వారు.

"చారు చల్లారిపోతంది, తినక్కా."