వాగుకు కుడిపక్క చర్చి

దీవుల నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మాల్తె తన గురువుగారి మొహంలోకి సూటిగా చూడటం మానేశాడు.

గురువుగారంటే తోరా అనే పెద్దావిడ. డెన్మార్క్ ఉత్తరపు కొసన, జాలరుల ఊళ్లో ఉంటుంది. బొమ్మలు వేస్తుంది, ఊళ్లు తిరిగి పుస్తకాలు రాస్తుంది, వాటికి బొమ్మలూ తనే గీసుకుంటుంది. ముప్ఫై ఏళ్ల కిందట ఫారో దీవులకు ఒంటరిగా వెళ్లొచ్చి రాసిన పుస్తకంతోనే ఆవిడకు పేరొచ్చింది. ఇప్పుడు చూపు మందగించింది. ఆ దీవుల మీదే చివరి పుస్తకం రాస్తూ, ఈసారి బొమ్మలు వేసుకురమ్మని శిష్యుణ్ణి పంపింది. అట్ట మీద తన పేరు పక్కన అతని పేరూ వేయిస్తానంది.

మాల్తెకు తెలిసింది రంగులూ కాన్వాసూ. అచ్చు గొడవ ఎన్నడూ పట్టించుకున్నవాడు కాదు. దీవిలో దిగగానే గురువుగారి పాత పుస్తకం తెరిచి పట్టుకుని, ఆవిడ నిలబడిన చోటే తానూ నిలబడ్డాడు. బొమ్మలో చర్చి వాగుకు కుడిపక్కన ఉంది. కళ్లెదుట ఎడమపక్కన ఉంది. కొండా అంతే, రేవూ అంతే. పడవ నడిపే ముసలాయన్ని అడిగితే, చర్చి కదలడం తన తాత కూడా చూడలేదన్నాడు. అలాంటి ఆవిడ వచ్చిన గుర్తూ లేదన్నాడు.

అనుమానం ఒకసారి పుట్టాక దానికి మేత కరువుండదు. గురువుగారి ప్రయాణం బూట్లు ఇంకా మెరుస్తున్నాయేం? పడవ సంగతి అడిగితే మాట మారుస్తుందేం? ఆ పాత బీరువాకు తాళం ఎందుకు? తోరా ఆ దీవుల్ని వంటింటి కిటికీలోంచి చూసుంటుందని రొట్టెలమ్మే కిర్‌స్టెన్ ఏనాడో అననే అంది. అప్పుడు ఆమె మీద విరుచుకుపడ్డాడు మాల్తె. ఇప్పుడు ఆ దుకాణం ముందు నుంచి వెళ్లడానికి మొహం చెల్లడం లేదు.

అబద్ధాల పుస్తకం మీద పేరెక్కితే ఇక తన బొమ్మల్ని ఎవరు నమ్ముతారు? ఆ ఆదివారం పెట్టె సర్దుకుని, పాత పుస్తకం చంకన పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాడు. తోరా ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తోంది.

"నా పేరు వెయ్యొద్దు. మీరు అక్కడికి వెళ్లలేదు," అన్నాడు.

చర్చి సంగతి చెప్పాడు, పడవ ముసలాయన సంగతి చెప్పాడు, బూట్లను కూడా వదల్లేదు. ఆవిడ అడ్డు రాకుండా విని, చేతులు తుడుచుకుంది.

"బ్రష్షు తీసుకుని ఆ బొమ్మ పక్కన నిలబడు నాయనా."

గోడ మీదున్నది మాల్తె బొమ్మే. కిందటి వసంతంలో తనే వేసుకున్నాడు. చేతిలో బ్రష్షు, చూపులో కాస్త పొగరు, అచ్చు గుద్దినట్టుందని ఊరంతా మెచ్చుకుంది. విసుక్కుంటూనే వెళ్లి నిలబడ్డాడు.

ఆవిడ దగ్గరికొచ్చి, కళ్లు చికిలించి, బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"నువ్వు కుడిచేత్తో పట్టుకున్నావు. వీడిది ఎడమచేతి వాటం. వీణ్ణి నువ్వెప్పుడైనా చూశావా?"

"అద్దంలో చూసి వేశాను కదా. అద్దంలో కుడి ఎడమవుతుంది. అందులో అబద్ధం ఏముంది?"

తోరా బీరువా తాళం తీసింది. గుడ్డలో చుట్టిన చెక్క దిమ్మ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. గీతల సందుల్లో పాత సిరా నల్లగా గట్టిపడి ఉంది.

"వానకు కాగితం నిలవక అక్కడే చెక్క మీద గీశాను. తరవాత ఆ గీతల్ని చెక్కించి, సిరా పూసి, దీన్ని కాగితం మీద బోర్లించి అదిమారు."

చెక్క మీద చర్చి వాగుకు ఎడమపక్కన ఉంది.

మాల్తె పాత పుస్తకం తెరిచి, అందులోని బొమ్మ పక్కన దిమ్మను పెట్టి చూశాడు. ఆవిడ మళ్లీ కత్తి అందుకుని దుంపల ముందు కూర్చుంది.

"నీ బొమ్మకైతే కారణం వెంటనే దొరికింది," అంది.