కుండరాయి మీద పిడికెడు బియ్యం

నల్లగుండ్లపాడు వాగు దాటి మెట్ట ఎక్కగానే పెంకుల కప్పుతో చిన్న దేవుని మందిరం కనిపిస్తుంది. గుమ్మానికి ఎడమపక్కన నడుమ గుంటపడిన నల్లరాయి ఒకటుంది. కోతపండుగనాడు కానుక తెచ్చినవారెవరూ దాన్ని తిన్నగా లోపలికి తీసుకుపోరు. ముందు ఈ కుండరాయి మీద దించుతారు.

పూర్వం ఇక్కడ సువార్తమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని పేర పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేది. ఏడాది పొడుగునా ఒక్క పూట తప్పలేదు. పాటల్లోనూ ఆమె గొంతే ముందు. అయితే గోడ అవతల కాపురముండే తోడికోడలు దీనమ్మతో మాటల్లేవు. తన చింతపండు తీసుకుపోయావని సువార్తమ్మే నలుగురిలో ఆమె మీద నింద వేసింది. తరువాత ఆ చింతపండు తన అటకమీదే, అత్తగారు దాచినచోట దొరికింది. ఆ సంగతి మాత్రం సువార్తమ్మ నోరు దాటలేదు.

కోతపండుగనాడు ఆమె నిండుకుండతో వచ్చేసరికి ఉపదేశి ఏబెనెజరుగారు గుమ్మంలో ఉన్నారు.

"దీనమ్మ రాలేదేం తల్లీ?"

"ఆవిడ సంగతి నాకేం తెలుసు అయ్యగారూ."

"పెనిమిటి మంచాన పడ్డాడు. మూడు రోజులుగా ఆ ఇంట పొయ్యి రాజుకోలేదట. పై వీధిలో ఉన్న నాకే తెలిసిందే, గోడ పక్కనున్న నీకు..." అంటూ ఆయన మాట ఆపి, పక్కకు జరిగి దారి ఇచ్చారు.

దారి ఇచ్చినా సువార్తమ్మకు అడుగు పడలేదు. గోడ అవతల రోకటి చప్పుడు ఆగిపోయిన సంగతి ఆమెకు తెలుసు. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే కానుక అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమన్న ప్రభువు మాట, ఆమె ఎన్నో ఆదివారాలు కంఠతా అప్పజెప్పినదే. కుండను గుమ్మం పక్కన అప్పట్లో కాళ్ళు కడుక్కునే ఆ నల్లరాయి మీద దించి, వెనక్కి తిరిగి దీనమ్మ గడపకు వెళ్ళింది.

"ఏమక్కా, పండగపూట ఇటు దారి తప్పి వచ్చావా?" అంది దీనమ్మ.

"చింతపండు మా అటకమీదే ఉందే. దొరికి ఆర్నెల్లయింది. తప్పు నాది."

దీనమ్మ, "ఆర్నెల్లు ఆ పులుసు నీకెట్లా మింగుడుపడిందక్కా?" అంది. ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

సువార్తమ్మ వెళ్ళి కుండను ఆ ఇంటికే తెచ్చింది. బియ్యం ఎసట్లో పోయబోతూ దీనమ్మ అలవాటుగా ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టింది. తక్కిన బియ్యమంతా ఆ ఇంటనే ఉంచి, ఆ పిడికెడే కుండ అడుగున వేసి, చెరోపక్క పట్టుకుని ఇద్దరూ మందిరానికి వెళ్ళారు. అంతవరకూ ప్రార్థన మొదలుపెట్టకుండా కనిపెట్టుకుని ఉన్న ఉపదేశిగారు దాన్ని బల్లమీద పెట్టి, "ఈ ఏటి తొలి కానుక" అన్నారు.

నేటికీ పండుగనాడు కుండలు ఆ రాయి చుట్టూనే ఆగుతాయి. తెచ్చినవారు, మాటలు పోయిన ఇంటికి వెళ్ళి వచ్చాకే అవి లోపలికి కదులుతాయి. బల్లమీదికి వెళ్ళేది పిడికెడే, తక్కినదంతా పొయ్యి వెలగని ఇళ్ళకు. ఆ రాయి దగ్గర ఎందరి పంతాలు దిగిపోయాయో దేవునికే తెలుసు, ఆయనకు స్తోత్రం. పండుగకు వచ్చేవారు కాస్త పెందలాడే రండి. మీరు వెళ్ళి వచ్చేదాకా ఇక్కడ గంట కొట్టరు.