రాజుగారి బోణీ చెయ్యి

"అమ్మొద్దు! కొనొద్దు! రాజుగారింకా రాలేదు! అమ్మొద్దు, కొనొద్దు!"

సంతవీధి ఆ చివర నుంచి కేక, దాని వెనకే డప్పు. అప్పటికింకా పొద్దు కూడా పొడవలేదు. మోపు మీదున్న బుట్టను తిప్పి తిప్పి చూస్తున్న ఓ ఇల్లాలు, చెయ్యి కాలినట్టు దాన్ని కింద పడేసింది. అమ్మే అచ్చియమ్మ నోటిదాకా వచ్చిన బేరం నోట్లోనే ఉండిపోయింది.

ఇదేం చోద్యం, ఏ ఊళ్ళో కేక అంటారా? చెబుతా, కాస్త నిదానించండి. ఒకప్పుడు ముక్తాపురమని ఓ చిన్న రాజ్యం ఉండేది లెండి. దాన్ని ఏలేది రణమర్దన మహారాజు. పేరు విని జడుసుకోకండి, పాపం ఆయన పుట్టి బుద్ధెరిగి యుద్ధమన్నది చూడలేదు. బొమ్మ కత్తులంటే మాత్రం చెడ్డ ఇష్టం.

ఏటా వానలకు ముందు ఆ ఊళ్ళో ఒక్కరోజు సంత జరిగేది. కుండలు, బుట్టలు, లక్కబొమ్మలు, చాపలు, విస్తళ్ళు, ఏదైనా చేత్తో చేసిందే అమ్మాలి. ఏటి అవతలి ఊళ్ళవాళ్ళు పొద్దున్నే పడవల మీద వచ్చి, పొద్దు వాలకముందే వెళ్ళిపోయేవారు. కొనేదంతా వాళ్ళే.

ఇక బోణీ సంగతి మీకు నేను చెప్పాలా? మొదటి బేరం చేసినవాణ్ణి అమ్మేవాళ్ళు దేవుడిలా చూస్తారు. ఇచ్చింది కళ్ళకద్దుకుని "మీ చెయ్యి బంగారమండీ" అంటారు. నాతోనూ అన్నారు, మీతోనూ అనే ఉంటారు. మనం ఓ నవ్వు నవ్వి ఇంటికి పోతాం. రాజుగారు అలా పోలేదు, అదీ వచ్చిన చిక్కు.

ఆ మధ్య ఓ సంతలో ఆయన పొద్దున్నే ఓ విసనకర్ర కొన్నాడు. అమ్మినవాడు అలవాటు కొద్దీ ఆ మాట అన్నాడు. సాయంత్రానికి వాడి సరుకంతా ఖాళీ. మండుటెండల్లో విసనకర్రలు అమ్ముడుపోక ఏమవుతాయి చెప్పండి! కానీ రాజుగారు తన అరచెయ్యి చూసుకుని చూసుకుని మురిసిపోయాడు. మరునాడే చాటింపు: ఇక మీదట సంతలో ప్రతి దుకాణానికీ బోణీ రాజుగారి చేత్తోనే జరగాలి. అంతదాకా ఎవరూ ఏదీ అమ్మకూడదు.

ఆయనేమో లేచేదే బారెడు పొద్దెక్కాక. పైగా బేరమాడందే కొనడు. పోయినేడు సగం వీధి దాటకముందే పొద్దు వాలింది. పడవలు వెళ్ళిపోయాయి. వీధి చివర కూర్చున్న అచ్చియమ్మ వెదురు సామాను మోపు విప్పకుండానే ఎత్తుకుని ఇంటికి పోయింది.

అందుకే ఈసారి సంతకు ముందు ఆమె కొండుభట్లు దగ్గరకి వెళ్ళింది. కొండుభట్లు రాజుగారి కొలువులో ఉండేవాడు. పని ఇదీ అని ఏమీ లేదు, మాట చమత్కారం ఒక్కటే ఆయన ఉద్యోగం.

"బాబయ్యా, వానల్లో మాకు వెదురు దొరకదు. సంతలో అమ్మిందే మాకు వానాకాలం తిండి. పోయినేడు గంజి తాగి బతికాం. ఈ ఏడూ ఇంతే అయితే పిల్లల్ని తీసుకుని ఊరొదిలి పోవడమే. రాజుగారి చెవిన ఓ మాట వెయ్యరూ?"

"ఆ చెవుల్లో మాట పడితే కదా అచ్చియమ్మా! వాటి కిందుగా ఇంకోటుంది, దానికి చెప్పి చూస్తాను."

"ఏంటి బాబయ్యా అది?"

"కడుపు."

ఆ ఊళ్ళో ఓ ఆనవాయితీ ఉంది. సంతరోజు రాజుగారి భోజనం సంత పందిట్లోనే. వండే కుండ మొదలు తినే విస్తరి దాకా అన్నీ ఆ సంతలోవే, కొత్తవే అయ్యుండాలి. ఎప్పుడూ నౌకర్లు ముందురోజే అవన్నీ ఇళ్ళ దగ్గర తీసుకుని పందిట్లో పెట్టేవారు. ఈసారి కొండుభట్లు "వంట సంగతి నాకొదిలెయ్యండి మహారాజా" అని తానే నెత్తినేసుకున్నాడు. నెత్తినేసుకుని హాయిగా నిద్రపోయాడు.

సరే, సంతరోజు రాజుగారు పల్లకీ దిగాడు. మొదటి దుకాణం లక్కబొమ్మలది. ఓ గుర్రం తోక వంకరగా ఉందని బేరం మొదలెట్టాడు. అది వంకర కాదు, పరిగెడుతున్న గుర్రం తోక అలాగే ఉంటుందని బొమ్మలాయన. ఇలా నాలుగు దుకాణాలు సాగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

"ఏమోయ్ కొండుభట్టూ, ఇక వడ్డించమను."

"పొయ్యి వెలిగించలేదు మహారాజా."

"ఏం, కట్టెలు లేవా?"

"కట్టెలున్నాయి, బియ్యమున్నాయి, వంటవాడున్నాడు. కుండే లేదు."

"ఇంత సంతలో కుండ దొరకలేదా?"

"దొరికింది. అమ్మనంటున్నాడు కుమ్మరి పోలయ్య. తమరి చేత్తో బోణీ కాలేదట."

రాజుగారు కిరీటం సర్దుకుని వీధి ఆ చివరికి నడిచాడు. కుండ కొన్నాడు. బేరమాడలేదు, గమనించండి.

"ఇక వండమను!"

"బియ్యం చెరగాలి ప్రభూ. చేట అచ్చియమ్మ దగ్గరుంది."

అచ్చియమ్మ చేట ఇచ్చి, వచ్చింది కళ్ళకద్దుకుంది. "మీ చెయ్యి బంగారం దొరా! ఇలాంటి చెయ్యి ఎక్కడా లేదు!"

"విన్నావా కొండుభట్టూ?" అన్నాడు రాజు, చెమట తుడుచుకుంటూనే.

"విన్నాను ప్రభూ. ఇక గరిటె. అది వీధి మొదట్లో."

గరిటె కొన్నాక, విస్తళ్ళు మళ్ళీ ఈ చివర అని తెలిసింది. రాజుగారు నడివీధిలో నిలబడిపోయాడు. ముఖం కందిపోయింది.

"ఈ రాజ్యంలో నా బోణీ కోసం ఆగనిది ఏదైనా ఉందా?" అని అరిచాడు.

"ఒక్క ఆకలే మహారాజా. దానికి చాటింపు వినబడలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగారు. రాజుగారు పళ్ళు కొరికి, పల్లకీ మోసే బోయీల్లో సన్యాసి అనేవాణ్ణి పిలిచాడు. "నా కాళ్ళు లేవడం లేదు. నువ్వెళ్ళి నా మారుగా విస్తళ్ళు కొనరా. నా మాటా నా చెయ్యీ ఒక్కటే!"

సన్యాసి వెళ్ళాడు. విస్తళ్ళు కుట్టే ముసలి నూకాలుకి చూపు ఆనదు, ఎవరు పంపారో తెలియదు. "అమ్మొచ్చు అవ్వా" అని సన్యాసి అన్నదే చాలు. పొద్దుట్నుంచి కూర్చున్న దుకాణంలో మొదటి బేరం తగిలిందని పొంగిపోయి, గొంతెత్తి అంది: "నీ చెయ్యి బంగారం నాయనా! ఇలాంటి చెయ్యి ఎక్కడా లేదు!"

వీధంతా వినబడింది. రాజుగారికీ వినబడింది.

"నాతో అన్న మాటే వాడితోనూ అంటుందేం?" అన్నాడాయన. గొంతు మారింది. అచ్చియమ్మ కళ్ళు మూసుకుంది. కొండుభట్లు చేతులు కట్టుకున్నాడు.

"మహారాజా, వీళ్ళంతా తెల్లారుజామున వచ్చి కూర్చున్నారు. బోణీ కాకుండా మెతుకు ముట్టరు. అలా ఎదురుచూసేవాళ్ళకి ముందు వచ్చిన చెయ్యి ఎవరిదైనా బంగారమే. ఇంతమందికి మీరొక్కరే బంగారం పంచాలంటే, పాపం, మీ చెయ్యి అరిగిపోదూ?"

"ఏమిటీ, వీళ్ళు కూడా తినలేదా?"

"తమరికంటే ముందు నుంచీ తినలేదు ప్రభూ."

రాజుగారు ఏదో అనబోయాడు. అనకముందే ఆయన కడుపు గుడగుడమని పెద్దగా మోగింది. ఎంత పెద్దగా అంటే, పల్లకీ దగ్గర నిద్రపోతున్న కుక్క లేచి చూసింది. ముందు సన్యాసి నవ్వాడు, నాలిక్కరుచుకున్నాడు. ఆ తర్వాత రాజుగారే నవ్వాడు. నవ్వి నవ్వి వీధిలో ఉన్నచోటే చతికిలబడ్డాడు.

"కొనండర్రా! ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కోండి! కొండుభట్టూ, కడుపుతో కబురు పంపించావు కదయ్యా నాకు!" అని తన భుజాన ఉన్న పట్టుశాలువా తీసి ఆయన మీద కప్పాడు.

"శాలువా వేడిగా ఉంది మహారాజా, అన్నం ఇంకా వేడిగా ఉంటుంది," అని కొండుభట్లు వంటపందిరి వైపు పరుగెత్తాడు.

అన్నం ఉడికేలోగా అవతలి ఊళ్ళవాళ్ళు వీధి మీద పడ్డారు. అచ్చియమ్మ మోపు విప్పడమే ఆలస్యం, తట్టలు, బుట్టలు, చేటలు నెత్తుల మీదెక్కి పడవల వైపు నడిచాయి. చివరికి ఆమె తన కోసం తెచ్చుకున్న సద్దిబుట్ట కూడా ఎవరో అడిగితే, సద్ది పక్కన పెట్టి అమ్మేసింది.

అందరికీ సరిపడా వండి, పొద్దు వాలుతుండగా పందిట్లో పంక్తి వేశారు. అచ్చియమ్మ, పోలయ్య, నూకాలు, బొమ్మలాయన, బోయీలు అందరూ కూర్చున్నారు. రాజుగారు సన్యాసి పక్కన కూర్చున్నాడు. వంటవాడు అలవాటుగా ముందు ఆయన విస్తరి దగ్గరకే వచ్చాడు.

రాజుగారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ చివర నుంచి రావయ్యా."

గుత్తివంకాయ కూర ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చేసరికి గిన్నెలో గుజ్జు తప్ప కాయ మిగల్లేదు. రాజుగారు ఆ గుజ్జే అన్నంలో కలుపుకుని, ఇంకాస్త ఉంటే వెయ్యమని అడిగి మరీ తిన్నాడు.