దింపు పోలయ్య కూలి కాయలు

అనగనగా, గోదారి లంకల్లో వీధికో గానుగ కిర్రుమనే రోజుల్లో, ఒక ఊరు. ఆ ఊళ్లో అందరూ తెలివైనవాళ్లే. ఆ సంగతి వాళ్లే చెప్పేవారు.

గానుగ ఆడించే అచ్చాయమ్మకు మాత్రం సొంత కాయ లేదు. కొన్న కాయతో నూనె తీస్తే ఆమెకు మిగిలేది పిప్పి.

ఒకనాడు జమీందారు కాశీకి పోతూ మూడు కొబ్బరితోటలు అమ్మజూపాడు. ఆ ఏడు మూడూ వెయ్యేసి కాయలే కాశాయి. ధర మాత్రం తన మేడ పక్కనున్న దేవిడీ తోటకు పన్నెండు వందల కాసులు, కొత్తలంక తోటకు ఆరు వందలు, ఏటిగట్టు తోటకు మూడు వందలు.

అత్తగారిచ్చిన మెడలోని బంగారు కంటె అమ్మితే అచ్చాయమ్మ చేతికి ఆరు వందలొస్తాయి. ఎంపిక తప్పితే ఆ కంటె పోతుంది, గానుగా ఆగుతుంది.

షావుకారు పేరయ్య దేవిడీ తోట కొన్నాడు. "సాక్షాత్తూ జమీందారు కునుకు తీసిన నీడ!" అన్నాడు. నీడను గానుగలో ఎలా వెయ్యాలో ఆయన చెప్పలేదు.

కరణం ఏటిగట్టు తోట కొన్నాడు. "అవే వెయ్యి కాయలు, పావు ధరకి!" అని మీసం దువ్వాడు.

ఆ మూడు తోటల్లోనూ చెట్లెక్కి కాయల దింపు తీసే పోలయ్య ఇంటికి అచ్చాయమ్మ వెళ్లింది. అతని కూలి, దింపిన వందకు రెండు కాయలు.

"పోలయ్యన్నా, మూడేళ్లుగా ఏ తోటలో నీకు కూలికి ఎన్ని కాయలు ముట్టాయి?"

"ఇన్నాళ్లకు అడిగావా, చెల్లెమ్మా! దేవిడీలో పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఏటిగట్టున ముప్పై, పాతిక, ఇరవై. కొత్తలంకలో పన్నెండు, పదహారు, ఇరవై."

అచ్చాయమ్మ కంటె అమ్మి కొత్తలంక తోట కొంది.

"రెట్టింపు పోశావే, పిచ్చిదానా!" అన్నాడు కరణం.

"మీది దిగుతోంది, కరణంగారూ. నాది ఎక్కుతోంది."

మూడేళ్లు గడిచాయి. పోలయ్యకు దేవిడీ తోటలో ఇరవై మూడు కాయలు ముట్టాయి, ఏటిగట్టున అయిదు, కొత్తలంకలో ముప్పై రెండు. కరణం మీసం దువ్వడం మానేశాడు. పేరయ్య మాత్రం అప్పటికీ నీడ గురించే చెబుతున్నాడు.

కాలం మారి, వీధివీధినా ఉన్న ఆ గానుగలన్నీ ఒక్కొక్కటే మూగబోయాయి. అన్నిటికన్నా చివరిదాకా వినిపించింది అచ్చాయమ్మ గానుగే. ఆ కొబ్బరినూనె వాసన తెలిసినవాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు.

కనుక పిల్లలూ, ఈనాటి కాయలు చూసి ధర ఎక్కువనీ తక్కువనీ అనకండి; ఆ కాపు ఏటేటా ఎంత పెరుగుతోందో అడిగి తెలుసుకున్నాకే వెల కట్టండి.