గోడ దగ్గరి నుంచి చూస్తే

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న చోట చిన్న ఓబులయ్య సామి పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి ముందు ఆయన ఎవరో చెప్పాలి.

సామి అంటే కాషాయం కట్టిన సామి కాదు. మఠం లేదు, జటలు లేవు. కడప దగ్గర చెన్నూరులో తమలపాకు తోట చేసుకుంటూ, భార్యాబిడ్డలతో కాపురం చేసుకుంటూ, వచ్చినవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పే గురువు. సాయంత్రాలు తోట గుడిసె ముందు కూర్చుని కోసిన ఆకును కట్టలు కడుతుంటే చుట్టుపక్కల ఊళ్ళ శిష్యులు వచ్చి చాప మీద కూర్చునేవారు. ఎవరేమి అడిగినా ఆయన అవుననీ కాదనీ అనడు. చేతిలోని కట్టకు ముడి పడేదాకా ఆగి, ఎక్కడో ఎవరింట్లోనో జరిగింది ఒకటి చెబుతాడు. అది తన ప్రశ్నకు జవాబో కాదో అడిగినవాడే చూసుకోవాలి.

ఒకసారి పెంచలయ్య అనే బడిపంతులు వచ్చాడు. భార్య పోయి ఏడాది దాటింది. చాప అంచున కూర్చుని అడిగాడు.

"సామీ, ఆమె ముఖం నాకు చెదిరిపోతాంది. గొంతు గుర్తుంది, చేతులు గుర్తున్నాయి. ముఖం మాత్రం కండ్లు మూసుకుని ఎంత దగ్గరికి తెచ్చుకున్నా నిలబడదు. ఫోటో చూస్తే ఫోటో గుర్తుకొస్తాది గానీ మనిషి రాదు. నేను ఆమెను మరిచిపోతాండానా?"

వెనక నుంచి ఎవరో, "అయివారికి కండ్లద్దాలు మార్చాల" అన్నారు. ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా తల దించుకున్నాడు.

సామి కట్టకు ముడి వేసి పక్కన పెట్టాడు. "మైదుకూరు పిండిమర గురప్పను నువ్వెరుగుదువు గదా" అని మొదలుపెట్టాడు. ఆయన ఒక పండగనాడు ఆ ఇంటికి పోయి కళ్ళారా చూసింది కొంత, గురప్ప తర్వాత వచ్చి చెప్పుకున్నది కొంత. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

గురప్పకు, నరసమ్మకు ఒక్కతే కూతురు, కళావతి. పదో తరగతి రాసిన ఏడాది శ్రీరామనవమికి వీధిలో కోలాటం ఆడింది. ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి కన్నుమూసింది. ఆ పిల్లకు ఫోటోలు తీయించుకోవడం ఇష్టం ఉండేది కాదు. బడి కార్డు మీది బిగుసుకున్న ముఖం తప్ప ఇంట్లో ఇంకొకటి లేదు. కానీ ఊళ్ళో కేబుల్ టీవీ నడిపే మనిషి ఆ నవమి కోలాటాన్ని కెమెరాతో పట్టి వాళ్ళ చానల్లో వేశాడు. బిడ్డ పోయిందని తెలిసి, దాన్ని ఒక సీడీలోకి ఎక్కించి తెచ్చిచ్చాడు. తర్వాత అతని దగ్గర ఉన్నది చెరిగిపోయింది. గురప్ప ఇంట్లో ఉన్న సీడీ ఒక్కటే మిగిలింది.

అందులో కళావతి మూడో వరుసలో ఉంటుంది. పాట సగంలో వరుసలు మారేటప్పుడు ముందుకు వస్తుంది. కర్రలు తగిలిస్తూ తిరిగి, కెమెరా పక్కన ఎవరినో చూసి నవ్వుతుంది. అంతే, మళ్ళీ వెనక్కి పోతుంది. ఆమె కాళ్ళ కింద పట్టుచీరల అంగడి ప్రకటన అక్షరాలు అటు నుంచి ఇటు పరుగెత్తుతుంటాయి.

గురప్ప ఆ కోలాటం చూడలేదు. అది ఊరంతా మిరపకాయలు, పసుపు పట్టించుకునే కాలం. "ఈ డబ్బా అయిపోతానే వస్తా, నువ్వు పోమ్మా" అన్నాడు. ఆ డబ్బా వెనక ఇంకో డబ్బా వచ్చింది. ఒళ్ళంతా కారంతో ఇంటికి వచ్చేసరికి పిల్ల కర్రలు మూలన పెట్టి నిద్రపోతోంది. బిడ్డ ఆట ఆయన చూసిందంతా టీవీలోనే. ఎవరిని చూసి నవ్విందో ఆయనకు తెలియదు. నరసమ్మ వీధికి ఆవలి పక్క ఆడవాళ్ళలో నిలబడింది, ఆమెకూ తెలియదు.

మహాలయ అమావాస్య నాడు వాళ్ళ ఇండ్లలో పోయిన పెద్దల పటాల ముందు వంటలు వడ్డించి, కొత్త బట్టలు పెట్టి మొక్కుతారు. ఇంట్లో అందరికన్నా చిన్నది పెద్దల్లో చేరింది. మొదటి ఏడాది ఏ పటం ముందు విస్తరి వేయాలో తోచక, బడి కార్డు ముందు వేయడానికి నరసమ్మకు చేతులు రాక, చివరకు టీవీ ముందు వేశారు. సీడీ పెట్టారు. పిల్ల వచ్చి, నవ్వి, పోయింది. అది ఆ ఇంటి ఆచారం అయింది. ఏటా అమావాస్యకు టీవీ కింద విస్తరి, విస్తరిలో పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగలు, పక్కన కొత్త పావడా బట్ట.

ఆ టీవీ పాత డబ్బా టీవీ. కొన్నేళ్ళకు దాని రంగులు పచ్చబారాయి. తర్వాత బొమ్మ రెండు వైపులా ముడుచుకుని పోసాగింది. ఒక రోజు నరసమ్మ, "ఏమయ్యా, మొదటి వరుస సగం కనపడలా. రేపు పాప కూడా నల్లదాంట్లోకి పోతాదేమో" అంది. గురప్ప ఆ రోజు మర తెరవలేదు. బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాడు.

టీవీలు కొనేవాళ్ళు చాలామంది పెద్దది ఏదో చూసి తెచ్చుకుంటారు. గురప్ప అట్లా కొనలేదు. ఊళ్ళో ఉన్న అంగళ్ళన్నీ తిరిగాడు. ప్రతి చోటా గోడ నిండా టీవీలు, అన్నిట్లో జలపాతాలు, చేపలు, పూలు. అన్నీ బాగున్నాయి. ఆయన నిలబడి నిలబడి అడిగాడు:

"ఇవి గాదప్పా, మనుషుల్ని చూపించు. జడ ఉండే ఆడపిల్లను చూపించు."

అంగడి మనిషి వింతగా చూశాడు. "ఎందుకన్నా?"

"నలుపు నల్లగా ఉందో లేదో చూడాల. జడ వేరే, వీపు వేరే కనపడాల."

అంగడి మనిషి మంచివాడు. నలుపు తేలిపోని టీవీ ఏదో, పక్క నుంచి చూసినా రంగు మారనిది ఏదో ఓపికగా చూపించాడు. ఇంట్లో ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాడు. కిటికీకి ఎదురుగా పెడితే వెలుతురు పడి బొమ్మ మసకబారుతుందన్నాడు. కూర్చున్న మనిషి కంటికి సమానమైన ఎత్తులో ఉండాలన్నాడు. మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా కూర్చోవాలన్నాడు. గురప్ప అన్నీ విన్నాడు. చివరకు ఆ మనిషి, "మీ ఇంట్లో సినిమాలదో పెండ్లిదో ఏదైనా సీడీ ఉంటే తెచ్చి ఏసుకోని చూడన్నా" అన్నాడు.

ఆ ఒక్క మాట గురప్ప వినలేదు. సీడీని ఇంటి గడప దాటించడం ఆయనకు ఊహకే రాలేదు. బస్సులో గీత పడితే? ఎవరి చేతిలో నుంచైనా జారితే? అన్నీ పరీక్షించి, చూడవలసిన దాన్ని మాత్రం చూసుకోకుండా టీవీ కొన్నాడు. జాగ్రత్త ఎక్కువై చేసిన పొరపాటు అది.

ఇంటికి వచ్చి కిటికీకి చెక్క కొట్టించాడు. మెరిసే నీలం గోడకు మెరుపు లేని సున్నం వేయించాడు. వీధి తలుపుకు ఎదురుగోడకు టీవీ బిగించారు. నరసమ్మ పీట ఎక్కడ వేయాలో సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టాడు. పాత టీవీని అంగడివాళ్ళే తీసుకుపోయారు. అమావాస్య దాకా సీడీ పెట్టవద్దని భార్యతో అన్నాడు.

"ఎందుకు?"

"అందరూ ఉన్నప్పుడు చూద్దాం. ఈసారి ఎవర్ని చూసి నవ్వుతాదో కూడా తెలుస్తాది."

అమావాస్య వచ్చింది. బంధువులు వచ్చారు, సామిని పిలిస్తే ఆయనా వచ్చాడు. నరసమ్మ తమ్ముడు పుల్లయ్య, ఆర్టీసీలో కండక్టరు, టీవీని చూసి "బావా, ఇదేంది, గోడ పడగొట్టి సినిమా హాలు కట్టినావా? టికెట్టు కొట్టమంటావా?" అని అందరినీ నవ్వించాడు. గురప్ప కూడా నవ్వాడు. విస్తరి వేశారు. ఓళిగలు, అన్నం, పప్పు, పిల్లకు ఇష్టమైన అలసందల వడలు పెట్టారు. నరసమ్మ సుద్ద గుర్తు మీద పీట వేసుకుని కూర్చుంది. గురప్ప సీడీ పెట్టాడు.

వీధి వచ్చింది, తప్పెట మోగింది, వరుసలు కదిలాయి. కానీ మనుషులకు అంచులు లేవు. పాట సగానికి వచ్చింది. కళావతి ముందుకు వచ్చి తిరిగింది. గోడంత బొమ్మలో ఆమె ముఖం. ఆ ముఖంలో ఏదీ లేదు. కన్ను ఉండాల్సిన చోట ఒక నల్ల గడి, చెంప ఉండాల్సిన చోట గోధుమరంగు గడులు, నోరు ఉండాల్సిన చోట కదిలే మరకలు. అవి ఒకదాన్నొకటి తోసుకుని, వెనక వరుసలో కలిసిపోయాయి.

నరసమ్మ పీట మీద ముందుకు వంగింది.

"ఇది ఎవరు?" అంది. "నా బిడ్డ ఏదీ?"

గురప్ప రిమోట్ పట్టుకుని ఏవేవో నొక్కాడు. వెలుగు పెంచాడు, తగ్గించాడు. సీడీ మళ్ళీ మొదటి నుంచి వేశాడు. మళ్ళీ గడులే. ఒకరు వైరు ఊడిందన్నారు, ఒకరు ఇప్పటి సామానంతా ఇంతే అన్నారు. పుల్లయ్య లేచి టీవీ దగ్గరికి పోయి చూసి, ఈసారి నవ్వించకుండా మెల్లగా చెప్పాడు.

"టీవీది కాదు బావా తప్పు. ఇది మంచి టీవీ. అది ఉన్నదున్నట్టు చూపిస్తాంది. కేబులాయన పట్టిన బొమ్మే ఇంత. పాతది చిన్నది, మసకది. దాంట్లో తెలీలేదు, అంతే."

"నోరు ముయ్!" అని గురప్ప అరిచాడు. ఇన్నేళ్ళలో బావమరిదిని ఒక్క మాట అని ఎరుగడు. "ఇన్నేండ్లు మేము చూసింది ఏమిరా అయితే? ఆ నవ్వు ఏమి?"

గురప్ప గోడ దగ్గరికి పోయి టీవీ మీద చెయ్యి పెట్టాడు. మొదటి వరుస పిల్లలు ఆయన వేళ్ళ కింద ఆడుతున్నారు. వాళ్ళకూ ముఖాలు లేవు.

కానీ ఆచారం ఆగదు. కాకికి ముద్ద పెట్టి, కాకి ముట్టుకుంటే తప్ప ఇంట్లో ఎవరూ అన్నానికి కూర్చోరు. నరసమ్మ లేచి విస్తరిలో నుంచి ముద్ద తీసుకుని బయటికి పోయింది. ముందర ఖాళీ జాగా దాటి ప్రహరీ గోడ మీద ముద్ద పెట్టింది. కాకిని పిలిచింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

లోపల పుల్లయ్య ఏం చేయాలో తెలియక సీడీ మళ్ళీ వేశాడు. కిటికీ మూసిన ఆ చీకటి గదిలో, తలుపు చట్రంలో నుంచి, దూరాన టీవీ అగ్గిపెట్టెంత వెలుగుతోంది. అందులో కళావతి ముందుకు వచ్చి, తిరిగి, నవ్వింది.

"ఏమయ్యా" అని నరసమ్మ పిలిచింది. "ఇట్ల రా."

గురప్ప వచ్చాడు. చేతిలో రిమోట్ అట్లాగే ఉంది. ఆమె పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల పాట మళ్ళీ మొదలయింది, వరుసలు మారాయి. జడ, చెవికి జుంకీ, నవ్వేటప్పుడు ఒక పక్కకు ఒరిగే తల, అంతా ఉంది. గురప్ప చేతిలోని రిమోట్ కింద పడింది. ఆయన తెలియకుండానే గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

నరసమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"పోవద్దు. దగ్గరికి పోతే చెదిరిపోతాది."

"ఎవర్ని చూసి నవ్విందో చూస్తానే..."

"ఎవర్నో ఒకర్నిలే. ఈడనే నిలబడు."

ఆయన నిలబడ్డాడు. కాకి వచ్చి ముద్ద ముట్టి పోయిందని లోపలివాళ్ళు చెప్పేదాకా ఇద్దరికీ తెలియలేదు. ఇప్పటికీ అమావాస్యకు విస్తరి లోపల వేస్తారు. వాళ్ళిద్దరూ మాత్రం సొంత ఇంటి బయట, గోడ పక్కన నిలబడి చూస్తారు. వాన పడితే నెత్తిన గోనె కప్పుకుంటారు.

సామి చెప్పడం ఆపి ఇంకో కట్టకు ఆకు తీసుకున్నాడు. పెంచలయ్య కండువా అంచు వేళ్ళకు చుట్టుకుంటూ అడిగాడు.

"అంటే, ఆమెను పోనిమ్మంటారా సామీ?"

"నేనేమీ అనలేదు నాయనా." సామి ఆకులు సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఇంతకీ నువ్వు యాడ నిలబడి చూస్తాండావు?"

పిల్లలూ, నాకు తెలిసింది ఇంతే. దీన్ని మీ పిల్లలకు చెప్పండి. వాళ్ళకు కోలాటం తెలియకపోతే రెండు కర్రలు తీసుకుని చూపించండి. చెప్పేటప్పుడు ఏది మరిచినా ఫరవాలేదు, ఆ ప్రహరీ గోడను మాత్రం మరవకండి.